అతుకున్న పాగా

రాజేశానికి ఒక చెడ్డ అలవాటు ఉంది. మనిషి ముఖం చూడకముందే ఒంటిమీది బట్ట చూస్తాడు. ఒకసారి దోహా మెట్రోలో పక్కన కూర్చున్నవాడి చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూడబోయి తిట్లు కూడా తిన్నాడు. సిరిసిల్లలో ఇరవై రెండేళ్ళు మరమగ్గాల సాంచాల మీద బట్ట నేసిన చేతులవి. ఖతార్ వచ్చాక ఆరేళ్ళు సైట్లలో సిమెంటు మోశాయి. నడుము పట్టేశాక, ముషైరిబ్ వెనక సందులో ఉబైద్ అనే మలయాళీ నడిపే బట్టల కొట్లో కుదిరాయి.

ఆ కొట్లో యజమాని ఉబైదే అయినా, ఏ బట్ట మంచిదో చెప్పేది రాజేశమే. గిరాకీ ఒకటి అడుగుతాడు, ఇతను ఇంకొకటి ఇస్తాడు. చాలాసార్లు ఇతను ఇచ్చిందే మంచిదని తేలుతుంది కనుక ఉబైద్ ఓర్చుకుంటాడు. ఓర్చుకునే మనుషులుంటే ఇలాంటివాళ్ళకు పొగరు పెరగడం మామూలే.

ఒక మంగళవారం సాయంత్రం ఉజాగర్ సింగ్ వచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంటూ ట్రెయిలర్ నడిపే సర్దార్జీ. పాగాకు గుడ్డ ఎప్పుడూ పంజాబ్ నుంచే తెచ్చుకునేవాడు. ఈ కొట్టు మెట్లెక్కడం అదే మొదలు.

“తెల్లది కావాలి భాయ్. మా నాన్న పోయాడు,” అన్నాడు. ఇద్దరూ మాట్లాడేది హిందీయే అయినా ఎవరి హిందీ వారిది. “కంపెనీ లీవు ఇవ్వలేదు. శుక్రవారం మా రూములోనే ప్రార్థన పెట్టుకుని నాకు పాగా కడతారు. పెద్దకొడుకుని కదా. ఊళ్ళో వాళ్ళంతా ఫోన్లో చూస్తారు.”

తండ్రి పోతే పెద్దకొడుకు తలకు నలుగురిలో పాగా చుడతారు. ఆ పూట నుంచి ఇంటి భారం అతనిది. తండ్రి ముఖం చివరిసారి చూడలేకపోయిన ఉజాగర్ సింగ్‌కు మిగిలింది ఆ ఒక్క శుక్రవారమే.

“పలచటి గుడ్డ పది మీటర్లియ్యి. సగానికి కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కుట్టించాలి. అప్పుడే వెడల్పు సరిపోతుంది.”

రాజేశం చేతిలో మీటరు బద్ద ఆగిపోయింది. చావు కర్మకు అతుకు బట్టా? పద్మశాలీల ఇంట పుట్టినవాడు అతను. కర్మనాడు కొడుక్కి పెట్టే బట్టకు సూది తగలకూడదని చిన్నప్పటి నుంచీ విన్నవాడు. ఈ సర్దార్జీకి ఎవరూ చెప్పలేదు కాబోలు, తానే చెప్పాలనుకున్నాడు.

“అతుకు మంచిగుండదు భాయ్,” అని రెండు మీటర్ల పన్నా ఉన్న తెల్లటి కాటన్ థాను దించాడు. “ఇది ఐదు మీటర్లు చాలు. సూది పెట్టే పనే లేదు.”

“దుప్పటి గుడ్డలాగుందే?”

“ఇరవై రెండేండ్లు నేసిన. నా మాటిను.”

తండ్రి పోయిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది? తీసుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ గుడ్డనే తలకు చుట్టుకుని వచ్చాడు. నెత్తిన దిండు పెట్టి కట్టేసినట్టుంది. కోపంగా ఏమీ లేడు. “నాలుగు చుట్లకే చెవులు మూసుకుపోయాయి. ఆపైన చుట్టు నిలవటం లేదు. నువ్వే చూడు,” అన్నాడు. ఉబైద్ కాలిక్యులేటర్ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“గుడ్డ మంచిదే. కట్టుట్లనే ఏదో తేడా ఉంది,” అన్నాడు, ఇంకా దిగిరాకుండా.

ఉజాగర్ సింగ్ పాగా విప్పి, ఒక కొస రెండు మూలలూ అతని చేతుల్లో పెట్టాడు. తను రెండో కొస పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. “నీ కుడి మూల లాగు. ఇప్పుడు ఎడమ మూల. తలకు చుట్టేముందు ఇట్లా మూలకు సాగదీసి, సన్నగా మడత పెట్టాలి.”

రాజేశం లాగాడు. గుడ్డ కదల్లేదు. బిగించి లాగినా అంతే. పడుగు పట్టి లాగడం తెలుసు, పేక పట్టి లాగడం తెలుసు, మూల పట్టి లాగడం మాత్రం అతను ఏనాడూ చెయ్యలేదు. సిరిసిల్లలో బట్ట మూలకు సాగిందంటే నేత వదులని సాంచాల సేఠు కూలి కోసేవాడు. అక్కడ తప్పయినదే ఇక్కడ కావాలి. పైగా ఇంత దళసరి గుడ్డ అన్ని చుట్లు చుడితే గంప కాక ఏమవుతుంది? అడిగిందిచ్చి ఊరుకుంటే పోయేది. రాజేశానికి నిజంగా సిగ్గేసింది.

ఆ తర్వాత కొట్లో ఉన్న తెల్ల థాన్లన్నీ కిందికి దించాడు. ఒక మూల సర్దార్జీ పట్టుకుంటే, ఎదురు మూల తను లాగాడు. ఒకటి నలిపితే గంజి పొడి రాలింది, ఒక్క ఉతుకుతో పీలికయ్యే రకం. ఇంకోదానిలో పాలిస్టర్ కలిసింది, తల మీద జారిపోతుంది. ఐదోది ఫుల్ వాయిల్. వెలుతురు కనబడేంత పలచన, మూలకు లాగితే బెత్తెడు సాగి మళ్ళీ సర్దుకుంది.

“ఇదే,” అన్నారిద్దరూ.

పది మీటర్లు కొలిచి, మధ్యకు రాజేశమే కోశాడు. కోసేటప్పుడు కళ్ళు మూసుకున్నాడని ఉబైద్ తర్వాత అందరికీ చెప్పాడు. అది అబద్ధం, పక్కకు చూశాడంతే. పక్క కొట్టు దర్జీ గౌహర్ గురువారానికి అతికి ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రం భార్య ఎల్లవ్వకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

“దుబాయ్ పోయినా నీ బట్టల యావ పోలేదు,” అని ఎల్లవ్వ నవ్వింది. ఆమెకు గల్ఫంతా దుబాయే. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది, “మా నాయిన పోయిన్నాడు మా అన్నకు పాగ మా మేనమామ తెచ్చిండు. ఆయినెకు ఎవలు తెస్తున్నరు?”

“ఆయినెనే కొనుక్కుంటున్నడు.”

“అయ్యో, ఎవలి పాగ వాళ్ళు కొనుక్కుంటరా?”



గురువారం ఉజాగర్ సింగ్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. గుడ్డ విప్పి, అతుకు మీద వేలితో రాసి చూసి, తల ఊపి, పర్సు తీశాడు.

“భాయ్, మీ దిక్కు ఈ పాగ ఎవలు తేవాలె?” అని అడిగాడు రాజేశం.

“అత్తగారివాళ్ళు తేవాలి. వాళ్ళంతా అక్కడున్నారు. ఇక్కడ నాకెవరున్నారు?”

రాజేశం పర్సు మీద చెయ్యి పెట్టి మూసేశాడు. బల్ల మీదుగా ఇస్తే అమ్మినట్టుంటుందని చుట్టూ తిరిగి బయటికి వచ్చాడు. మడిచిన గుడ్డ రెండు చేతులతో పట్టుకుని సర్దార్జీ చేతుల్లో పెట్టాడు. “ఇది నేను పెట్టిన బట్ట. పైసలు నా జీతంల పట్టుకుంటరు, నువ్వియ్యద్దు,” అన్నాడు.

చావు కబురు విన్న రోజున కూడా లోడు దింపి, కాగితాల మీద సంతకం పెట్టించుకుని రూముకు పోయిన మనిషి ఉజాగర్ సింగ్. ఇప్పుడు థాన్ల మధ్య స్టూలు మీద కూలబడి, ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, తండ్రిని “బాపూ” అని పిలుస్తూ ఏడ్చాడు. ఉబైద్ లేచి వెళ్ళి షట్టరు సగానికి దించాడు.