నాలుగు కాళ్ల కోడి

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పని ఉంటే పక్కన పెట్టండి. మొన్న నా గుండె ఆగినంత పనైన ముచ్చట చెబుతాను. మా నాన్న, అదే మా బాపు, మగ్గం నేసేటప్పుడు కింద వేసుకున్న మెత్తను, ఆయన పోయిన పన్నెండేళ్లకు, జమ్మికుంట దూది పెట్టి మళ్లీ కుడదామని విప్పితే, గుప్పున పుల్లటి గంజి వాసన వచ్చింది.

ఆ వాసనతో మా వీధి మొత్తం లేచి వచ్చింది. ఎండాకాలం పొద్దున్నే ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు నూలు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, చాచి, గంజి పూసి, కుంచెతో దువ్వి ఆరబెట్టేవాళ్లు. దాని కింద నుంచి వంగి వంగి మేము ఉరికేవాళ్లం, అవ్వ జొన్నరొట్టె, మామిడి తొక్కు అక్కడికే తెచ్చేది. మా అక్కకు మాత్రం ఆటలు పట్టేవి కావు. గోడ, బండ, పీట, ఏది దొరికితే దాని మీద బొగ్గుతో గీసేది. ఇప్పుడు ఆమెను పెద్ద చిత్రకారిణి అంటున్నారు, రంగుల కన్నా ఆమె గీతకే విలువ అంటున్నారు. కదిలే మనిషికి ఆమె నాలుగు చేతులు గీస్తే జనం నిలబడి చూస్తున్నారు.

ఒకనాడు పెండ్లి పంచెల కోసం తెల్ల పడుగు చాచారు. అక్క తడి గంజి మీద బొగ్గుతో కోడిని గీసింది. అంతలో చినుకులు పడితే అందరూ ఉరికొచ్చి, గంజిలో అంటుకున్న కోడిని చూడకుండానే పడుగు చుట్టేశారు. నాలుగు రోజులకు టకటకలాడే మగ్గం ఒక్కసారిగా ఆగింది. వెళ్లి చూస్తే, బాపు ముందున్న తెల్ల బట్టలో నల్లటి ముక్కు, ఒక కన్ను. పెండ్లి బట్టలో నలుపు. బాపు మగ్గం మళ్లీ ఆడించాడు. కోడి పూర్తిగా దిగేదాకా నేసి, అప్పుడు అడిగాడు.

"కోడికి నాలుగు కాళ్లేందే? మేకనా?"

"ఉరుకుతున్నది బాపు," అన్నది అక్క.

బాపు ఆ మూరెడు బట్ట కత్తిరించి వంటింట్లోకి పోయాడు. గుడ్డ కాలిన వాసన వచ్చింది. "ఇంకోపారి బొగ్గు ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది," అన్నాడు. అక్క ఏడవలేదు. పట్నంలో ఎంత పేరు వచ్చినా, బాపు బతికుండగా ఒక్క బొమ్మ కూడా ఇంటికి తేలేదు. తన మొదటి బొమ్మను బాపు పొయ్యిలో పెట్టాడని నలుగురిలో చెప్పేది.

మొన్న ఆ మెత్త పొరల నడుమ కుట్టేసి ఉన్న అదే కోడి. అక్కకు ఫోన్ చేసి కోడి దొరికిందన్నాను.

"కాళ్లు లెక్కవెట్టే."

"నాలుగే అక్కా."

"కుట్లు ఎవలయి?"

"బాపువే. నూలు తెగితె ఏసే ముడి లేదా, గదే ఏసిండు."

"మరి గా పొయ్యిల కాలిందేందే?"

"ఏ పాత పేలికనో."

"బాపుకు ఒక్క బొమ్మన్న సూపియ్యకపోతిని గదనే," అన్నది అక్క.

ఇప్పుడు మా వీధిలో పడుగు చాచేవాళ్లు లేరు, మరమగ్గాల రొదే ఉంది. మెత్తను నేను మళ్లీ కుట్టలేదు; అక్క వచ్చేదాకా అట్లాగే ఉంచాను, గంజి వాసన కూడా పోకుండా. మీ ఇంటి గోడల మీద పసి గీతలు పడాలి, అవి చెరగకముందే మీరు కండ్లారా చూసుకోవాలి. చూసి, బాగుందన్న ఆ ఒక్క మాట బతికుండగానే చెప్పుకునే ఇల్లు కావాలి మీది.