ముసురులో జిమ్మి స్నానాలు

నా చిన్నప్పుడు మా జహీరాబాద్‌లో ముసురు పట్టిందంటే ఇల్లే జైలు. ఇప్పటి పిల్లలకు ముసురంటే కిటికీలోంచి ఫోటో తీసుకునే వాన. మా గల్లీ అప్పుడు ఉత్త ఎర్రమట్టి. నాలుగు చినుకులు పడితే చాలు, అడుగు వేస్తే చెప్పు మట్టిలో ఉండిపోయి కాలు ఒక్కటే పైకి వచ్చేది. బడికి సెలవు ఇచ్చేవారు కాదు గానీ, ఆ బురదలో బడిదాకా పోయేదెవరు? రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. మా లోకమంతా అంతే. ఆ ఏడు అందులో ఒక బాలింత, ఒక పసిపిల్ల, ఒక కుక్క కూడా చేరాయి.

బాలింత మా మేనత్త. బీదర్ వైపు ఒక పల్లె నుంచి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. బాలింతకు గాలి సోకకూడదని మా నాయినమ్మ వెనక గది కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కేసింది. మంచం పక్కన కుంపటి, దాంట్లో సాంబ్రాణి, వాము. అత్తమ్మ చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన గుడ్డ. మైల తీరేదాకా పిల్లలం ఆ గడప దాటి లోపలికి పోకూడదు, ఆమె దాటి బయటికి రాకూడదు. పెళ్లికి ముందు సైకిల్ తొక్కుకుంటూ మొగుడంపల్లి దాకా పోయొచ్చిన మనిషి ఆమె. అలాంటిది ఆ పొగలో కూర్చుని గోడమీద బల్లిని చూస్తూ రోజులు గడిపేది. నేను గడప ఇవతల బండమీద కూర్చుని ఆమెకు బయటి కబుర్లు చెప్పేదాన్ని. బయట మాత్రం ఏముంది చెప్పడానికి? వాన పడుతోంది అనేదాన్ని. ఇంకా పడుతుందా అనేది.

ఇక జిమ్మి సంగతి. మా బాపు చెరుకు ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేసేవాడు. అక్కడి ఆఫీసరు ఒకాయన బదిలీ మీద పోతూ, తన కుక్కను మా బాపు చేతిలో పెట్టి పోయాడు. ఊరకుక్కలు తప్ప వేరే కుక్కను చూడని మా గల్లీకి అదొక వింత. ఒంటినిండా తెల్లటి పొడుగాటి జుట్టు, కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి. ఇది కుక్కనా, మేకనా అని అడగని వాళ్లు లేరు. ఎండాకాలంలో వచ్చింది కాబట్టి అందరికీ ముద్దొచ్చింది. వాన మొదలయ్యాక తెలిసింది దాని అసలు రూపం. పెరట్లోకి ఒక్కసారి పోయి వస్తే చాలు, పొట్ట కింద జుట్టు చీపురులా మట్టిని మొత్తం ఊడ్చుకొచ్చేది.

మా నాయినమ్మ చెడ్డది కాదు. కానీ ఆమెకు శుభ్రం పిచ్చి. పైగా ఇంట్లో పసిగుడ్డు ఉంది. ఆమె నన్ను పిలిచి ఒకే మాట చెప్పింది, "కడిగితె ఇంట్ల, కడగకుంటె బయట." బయట అంటే వాకిలి కాదు. ఝరాసంగం దగ్గర పల్లెలో ఆమె తమ్ముడు, మా చిన్నతాత, మక్క చేను, అంటే మొక్కజొన్న, వేశాడు. పందులు పడి చేను పాడు చేస్తున్నాయి, కాపలాకి కుక్క కావాలి అని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. పాప పురుడు నాడు, అంటే మైల తీరి తల్లీబిడ్డలకు స్నానం చేయించే రోజున, ఆయన వస్తాడు. అప్పటికి కుక్క ఇంట్లో ఉండదగ్గట్టు కనిపించకపోతే ఆయన వెంట పోతుంది. అదీ తీర్పు. చేనులో గుంజకి కట్టేస్తే జిమ్మిని చూసి పందులు భయపడటం మాట అటుంచి, నవ్వుకుని పోయేవి. రాత్రనక పగలనక ఆ వానలో అది ఎలా బతుకుతుంది? నాకు అన్నం దిగేది కాదు.

అందుకని కడగడం మొదలుపెట్టాను. బోరింగు పంపు కొట్టి నీళ్లు మోసుకొచ్చి, బట్టల సబ్బు పెట్టి, బండమీద బట్టలు రుద్దినట్టే రుద్దేదాన్ని. పాపం అది తల వంచుకుని నిలబడేది. తెల్లగా అయ్యేది కూడా. గోనెసంచితో తుడిచి లోపలికి తెచ్చి, నాయినమ్మకు చూపించి, అమ్మయ్య అనుకునేలోపు దానికి మళ్లీ పెరట్లోకి పోవాల్సిన అవసరం వచ్చేది. కుక్కకి ముసురని ఆగుతుందా ఏమిటి? వెళ్లొచ్చేది, మళ్లీ ఎర్రగా తయారు. మళ్లీ బకెట్. ఆ సుడిలో పడి నేనూ అదీ గిరగిరా తిరిగాం.

కొన్నాళ్లకు జిమ్మి వాసన కొట్టడం మొదలైంది. అంత కడుగుతుంటే వాసనెందుకో నాకు అర్థం కాలేదు. చెవుల వెనక, చంకల్లో, తోక కింద జుట్టు ముద్దలు కట్టింది. దువ్వెన పెడితే మూలిగేది. గోక్కోవడానికి కాలెత్తితే ఆ ముద్దలు లాగి కాలు సగంలోనే ఆగిపోయేది. సొంత జుట్టే దాన్ని కట్టిపడేసింది. వాసన వచ్చేకొద్దీ నాయినమ్మ ఇంకోసారి కడగమనేది, కడిగేకొద్దీ వాసన పెరిగేది. మా బాపుకు చెబుదామంటే, ఆయనకు తన తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటే లేదు. అమ్మ వంటింట్లోంచి తల బయట పెట్టేది కాదు. పురుడు దగ్గర పడింది.

ఒక మధ్యాహ్నం నాయినమ్మ కునుకు తీస్తుంటే, నేను గడప దగ్గర కూర్చుని మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. జిమ్మి నా పక్కనే చేరి వణుకుతోంది. లోపలి నుంచి అత్తమ్మ గొంతు తగ్గించి పిలిచింది.

"ఏందే బిడ్డా, ఎవ్వలేమన్నరు?"

చెప్పాను. కడిగి కడిగి నా చేతులు నానిపోయాయనీ, అయినా అది బాగుపడటం లేదనీ, తాత తాడు తెచ్చి దాన్ని తీసుకుపోతాడనీ అంతా వెళ్లగక్కాను. ఆమె పాపను పక్కకి పడుకోబెట్టి, మెల్లగా మంచం దిగి, గడప దాకా వచ్చి కింద కూర్చుంది. నేను భయపడి వెనక్కి జరిగాను. నువ్వు దాటకు, నేనూ దాటను అంది. జిమ్మికి మైల గియిల తెలుసా? అది తిన్నగా పోయి గడపమీద గడ్డం ఆనించింది.

అత్తమ్మ దాని తల నిమరలేదు. మెడ దగ్గర జుట్టులోకి వేళ్లు దూర్చి, అడుగున చర్మం దాకా పోనిచ్చి, అక్కడే ఉంచింది. కాసేపటికి వేళ్లు తీసి వాసన చూసుకుంది. ఆమె ముఖం మారిపోయింది. నన్ను కూడా అలాగే చెయ్యి పెట్టి చూడమంది. పెట్టాను. పైన జుట్టు పొడిగానే ఉంది గానీ, అడుగున చర్మం మాత్రం వేడిగా, చెమ్మగా, ఉడకబెట్టిన ఆలుగడ్డలా మెత్తగా ఉంది. అక్కడక్కడ ఎర్రటి పుండ్లు. అన్నాళ్లూ కడిగాను గానీ నేను ఆ లోపలికి ఎప్పుడూ చూడలేదు. అత్తమ్మ లేచి వెళ్లి మంచం మీద పడుకుంది. పొద్దున నువ్వు ఇక్కడే ఉండు అని మాత్రం అంది.

తెల్లవారి నాయినమ్మ కుంపట్లో కొత్త నిప్పులు వేసి తెచ్చేసరికి, అత్తమ్మ తలకు కట్టిన గుడ్డ విప్పేసి కూర్చుంది. నడుము దాటి పడే జుట్టు ఆమెది. నేను జిమ్మిని పట్టుకుని గడప ఇవతలే ఉన్నాను.

"అమ్మా, నెత్తి ఒక్కటే దురద. ఇయ్యాల్టి సంది నాకు దినాం నెత్తికి నీళ్లు పొయ్యి. పొద్దుగాల ఒకపారి, మాపటీలి ఒకపారి," అంది.

నాయినమ్మ చేతిలో కుంపటి ఉండబట్టి గానీ లేకపోతే నెత్తి కొట్టుకునేది. నీకు మతి ఉందా అని మొదలుపెట్టింది. బాలింతవు, ఆపైన ముసురు. ఇంత జుట్టు ఎప్పుడు ఆరాలి? మా అమ్మ చెప్పింది, మా అమ్మమ్మ చెప్పింది, ముసురులో తలంటు పోసుకున్న ఆడదాన్ని ఎక్కడైనా చూశావా అంటూ ఏకరువు పెట్టింది. చివరికి గట్టిగా అంది.

"ఆరని నెత్తికి మల్లమల్ల నీళ్లు పోస్తె అడుగున నాని పుండ్లు వడ్తయి, జుట్టు జడలు కడ్తది. గంత కూడ ఎరుక లేదా నీకు?"

అత్తమ్మ అడిగింది, "మరి గా జిమ్మిది ఎప్పుడు ఆరిందే అమ్మా?"

ఇక అయిపోయింది, నన్నూ జిమ్మినీ కలిపి వాకిట్లోకి నెడుతుంది అనుకున్నాను. నాయినమ్మ కుంపటి కింద పెట్టింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా జిమ్మి పక్కన కూలబడింది. అన్ని రోజుల్లో ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. మెడ దగ్గర వేళ్లు దూర్చింది. తీసింది. మళ్లీ చెవి వెనక దూర్చింది.

నేను కడిగింది చాలక ఆమె కడిగించింది, ఆమె కడిగించింది చాలక నేను మరింత రుద్దాను. ఆడపిల్లల తలల గురించి తరతరాలుగా తెలిసిన ఇల్లు మాది. ఆదివారం తలంటు, మిగతా రోజులు నూనె పెట్టి దువ్వి జడ వేయడం, ముసురైతే తలంటు వాయిదా. కుక్కకున్నదీ జుట్టేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. బోరింగు దగ్గరికి పోవడం తప్ప ఇంకేం తోచలేదు మాకు.

నాయినమ్మ కత్తెర తెమ్మంది. ముద్దలు కట్టిన చోటల్లా తనే జుట్టు కత్తిరించింది. అది మూలిగితే, ఉండు నాయినా, అయిపోయింది నాయినా అని బుజ్జగించింది. పుండ్లకు పసుపు, కొబ్బరినూనె రాసింది. కుంపటి సెగ తగిలే చోట గోనెసంచి పరిచి పడుకోబెట్టింది. ఆ పూట జిమ్మి నిద్రపోయిన తీరు చూడాలి. నాలుగు కాళ్లూ బార్లా చాపి, గురక పెట్టి మరీ పడుకుంది.

ఓడిపోయినా గెలిచినట్టే మాట్లాడటం మా నాయినమ్మకు పుట్టుకతో వచ్చిన విద్య. సాయంత్రానికల్లా ఆ కొత్త పద్ధతి తనే కనిపెట్టినట్టు నాకు పాఠం చెప్పింది. పచ్చి మట్టిని ముట్టుకోవద్దు. వాకిలి పక్కన పాత చాప మీద కూర్చోబెట్టు, ఆరనియ్యి. ఆరాక వేళ్లతో చిక్కు తీసి దువ్వు, మట్టి పొడిగా రాలిపోతుంది, ఊడ్చేసుకో. మరీ ఎక్కువగా ఉంటే కాళ్లూ పొట్టా ఉత్త నీళ్లతో కడిగి అప్పుడే తుడిచేసెయ్యి. ఒళ్లంతా స్నానం ఎండ పొడిచిన రోజునే. అదీ చిక్కులన్నీ తీసిన తర్వాత. ఎన్నాళ్లకోసారి నాయినమ్మా అని అడిగాను. ముసురును అడుగు అంది.

పురుడు నాటికి వాన తెరిపి ఇచ్చింది. పొద్దున్నే అత్తమ్మకు తలంటు పోశారు. పల్లె నుంచి చిన్నతాత బస్సు దిగి వచ్చాడు, అన్నట్టే భుజాన తాడుతో. సరిగ్గా ఆ సమయానికే జిమ్మి పెరట్లోంచి వచ్చింది, పొట్టదాకా ఎర్రటి బురదతో. అలవాటుకొద్దీ బకెట్ అందుకున్నాను. నాయినమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బకీటు ఆడ పెట్టు. జర ఆరనియ్యి, దానంతటదే రాలుతది," అని, తమ్ముడి వైపు తిరిగి, "ఇది ఇంట్ల పిల్లరా, చేన్ల బతకది. నీకు వేరే కుక్కను సూస్త," అంది.

తాత తాడును అలాగే తీసుకుపోయాడు. నేను జిమ్మిని బురదతో సహా కావిలించుకుని కొత్త గౌను పాడు చేసుకున్నాను. ఆ రోజు నన్ను ఎవరూ తిట్టలేదు.

అంతటితో అయిపోతే ఇది కుక్క కథ అయ్యేది. నేను పెరట్లో ఎండలో కూర్చుని జిమ్మిని దువ్వుతుంటే, మైల తీరినా గాలి సోకకూడదని ఇంకా లోపలే, తడి తలతో పొగలో కూర్చున్న అత్తమ్మ తలుపు సందులోంచి చూస్తోంది. ఈసారి ఆమె గొంతులో చతురత లేదు, అలసట ఉంది. "అమ్మా, దానికి ఎండ సూపెట్టినవ్. నాకు?" అని అడిగింది.

నాయినమ్మ కూడా తన ప్రతి కాన్పుకీ అలాంటి గదిలోనే, అలాంటి పొగలోనే కూర్చుని ఉంటుంది కదా. ఆమె లోపలికి పోయి కిటికీ సందుల్లోని గుడ్డలు ఒక్కొక్కటే లాగి పారేసింది. బాపును పిలిచి మంచం పెరటి గుమ్మం దగ్గర వేయించింది. అత్తమ్మ గడప దాటి వచ్చి, ఎండకు వీపు పెట్టి, జుట్టు విరబోసుకుని కూర్చుంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతుంటే వెలుతురుకేమో అనుకున్నాను. అప్పుడు నేను చిన్నదాన్ని.

ఇప్పుడు మా గల్లీలో సిమెంటు రోడ్డు. అయినా పక్క ఖాళీ ప్లాటులో అదే ఎర్రమట్టి. మా మనవరాలు పెంచే బొచ్చు కుక్క అందులో పొర్లకుండా ఇంటికి రాదు. ఎన్ని రోజులకోసారి స్నానం చేయించాలని మనవరాలు ఫోన్లో వెతుకుతుంటే, ఫోను తర్వాత, ముందు అడుగున వేళ్లు పెట్టి చూడవే అంటాను. మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు కూడా ముసురే. నేను మంచం గుమ్మం దగ్గరే వేయించాను. చుట్టుపక్కలవాళ్లు ఏదో గొణిగారు, నేను వినలేదు.

మొన్న ఆ మనవరాలే పరీక్ష పోయిందని వానలో తడుస్తూ వచ్చి, ఎవరితో మాట్లాడకుండా నా మంచం మీద బోర్లా పడింది. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. ఒకరు ధైర్యం చెబుతారు, ఒకరు తప్పులు చెబుతారు, ఒకరు ఇంకో కోర్సు పేరు చెబుతారు. అందరిదీ ప్రేమే, కాదనను. అది మాత్రం ముడుచుకుపోతూనే ఉంది. నేను దాని పక్కన కూర్చుని జడ విప్పి, జుట్టులోకి వేళ్లు పోనిచ్చాను. అడుగున ఇంకా తడిగానే ఉంది.

"జర ఆరనియ్యిన్రి," అన్నాను వాళ్లతో.