చెప్పకుండా ఊరుకున్న అరగంట

పిల్లలూ, నా చిన్నప్పుడు మాది కొల్లేరు సరస్సు మధ్యనున్న కొల్లేటికోట. ఏ పనికి వెళ్ళాలన్నా పడవే. మా తాతయ్య పెద్ద పడవ నడిపేవారు. తడి వలలు వేసిన చిన్న తాటిదోనెను దాని వెనక తాడుతో కట్టి లాక్కొచ్చేవారు. ఒకరోజు నన్ను వెనక కూర్చోబెట్టి, ఆ ముడి చూస్తూ ఉండమన్నారు. నేను ఊరుకుంటానా? ముడి విప్పి, జడ అల్లినట్టు అల్లబోయాను. తాడు జారిపోయింది. దోనె కిక్కిస గడ్డి వైపు కొట్టుకుపోతుంటే చూస్తూ కూర్చున్నానేగాని నోరు మెదపలేదు. తిడతారని భయం.

గట్టుకొచ్చాక గానీ తాతయ్య చూడలేదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఎండలో ఆ గడ్డంతా వెతికారు. దోనె బోర్లాపడి దొరికింది. వలలు దొరకలేదు. ఆయన తిట్టలేదు. నా పక్కన కూర్చుని, “ముడి ఎవరికైనా జారుతుందమ్మా. జారగానే ఒక్క కేకేసుంటే చెయ్యి చాపితే అందేది,” అన్నారు.

ఆ మాట నాకు బాగా తెలుసనే అనుకుంటూ వచ్చాను. మొన్నటిదాకా.

మొన్న వానలకి ఇక్కడ ఫోన్లకి సిగ్నల్ పోయింది. మన ఇంట్లో కంప్యూటర్‌కి మాత్రం వైరు మీద నెట్ వస్తుంది కదా. మీరు సెలవులకొచ్చినప్పుడు నేర్పినట్టే దాన్నుంచి నా ఫోన్‌కి నెట్ పెట్టుకున్నాను. పక్కింటి అమ్మాయి నర్సింగ్ సీటుకి కాలేజీలు ఎంచుకోవడానికి ఆరోజే ఆఖరు, సాయంత్రం ఐదింటి వరకే. సర్టిఫికెట్ల ఫోటోలన్నీ ఆ పిల్ల ఫోన్లోనే ఉన్నాయి. అందుకని దానికి కూడా మన కంప్యూటర్ నెట్టే కలుపుకుని, వసారాలో కూర్చుని నింపుకుంటోంది.

నేను లోపల బియ్యం ఏరుకుంటున్నాను. పెద్ద ఉరుము ఉరిమింది. ఉరిమితే ప్లగ్గులు పీకెయ్యడం మన ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. టీవీది పీకాను, కంప్యూటర్‌ది పీకాను, మళ్ళీ చేట ముందు కూర్చున్నాను.

కాసేపటికి ఆ పిల్ల ఏడుపు మొహంతో గుమ్మంలోకి వచ్చింది. “నెట్ ఆగిపోయింది, నా ఫోనే పాడైనట్టుందండీ అమ్మమ్మగారూ. పొద్దున్న కింద పడేశాను,” అంది.

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఇంత వయసొచ్చి, కంప్యూటర్ తెలుసని అందరికీ చెప్పుకుని, ఇప్పుడు ఆ పిల్ల ముందు చిన్నబోవడం ఎలాగా అని. తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కి ఉంగుటూరులో ఫోన్లు బాగుచేసే షాపుకి వెళ్ళిపోయారు.

అరగంట కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఇక ఉండలేక గొడుగేసుకుని రోడ్డు మీదకి వెళ్ళి, ఆటో పట్టుకుని ఆ షాపుకి వెళ్ళాను. అప్పటికే ఫోన్ విప్పి బల్ల మీద ముక్కలుగా పెట్టారు. అందరి ముందే చెప్పాను, ప్లగ్గు తీసింది నేనేనని.

పిల్ల నావైపు చూడలేదు. వాళ్ళమ్మ మాత్రం, “ఆ మాట ఇంటి దగ్గరే చెప్పుంటే బాగుండేదండీ,” అంది, మెల్లగానే.

ఫోన్ మళ్ళీ బిగించి, ఇంటికొచ్చి కంప్యూటర్ పెట్టేసరికి ఐదు దాటింది. ఇక రెండో విడతలో మిగిలిన సీట్లకే పెట్టుకోవాలిట. దగ్గర్లో దొరుకుతుందో లేదో తెలియదు. ఆ పిల్ల అడిగితే మళ్ళీ మన నెట్ ఇస్తాను. అడుగుతుందో లేదో.

ఉరుముకి ప్లగ్గు తీసినందుకు నాకు బాధ లేదర్రా. అది ఎవరైనా చేస్తారు. తాతయ్య చెప్పింది ఇన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్నాను, తీరా అవసరమైనప్పుడు నోట్లోంచి రావడానికి అరగంట పట్టింది. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు సిగ్నల్ వచ్చిందిగా, సాయంత్రం ఫోన్ చేసినప్పుడు, క్షేమం అడగకముందే ఇదే చెబుతాను.