పొట్లం ముడి

మిల్ట్రీ కాక పోయాడు. పొద్దున దుకాణం షట్టర్ సగం ఎత్తానో లేదో, సురంగల్ నుంచి కాక ఇంటికి పూలు తెచ్చే ఆటో అతను వెనక గల్లీలోంచి వచ్చి బండి ఆపి, దిగకుండానే చెప్పాడు. "సేటు, కాక ఇగ లేడు. పొద్దుగాల చాయ్ తాగిండు, గ్లాసు కడిగి బోర్లించిండు, మంచం మీద ఒరిగిండు. గంతే." షట్టర్ అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఏడుపుకన్నా ముందు సిగ్గు వచ్చింది. ఆరు నెలలుగా ఆయనకు ఒక మాట చెప్పాలని రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తున్నాను. ఇక చెప్పలేను. అందుకే మీకు చెప్తున్నాను. చదివి నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, తప్పులేదు.

చేవెళ్ల బజారులో మా కిరాణా దుకాణం వెనక గల్లీలోనే ఆయన ఇల్లు. చుట్టం కాదు. మా బాపు ఆయన్ని తమ్మీ అనేవాడు కాబట్టి నాకు కాక అయ్యాడు. సురంగల్‌లో ఎకరం పొలం, అందులో బంతి, చామంతి. వయసులో ఉండగా పటాలంలో చేరి బంగ్లాదేశ్ యుద్ధం చూసి వచ్చాడని అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. నాకు యాభై దాటినా ఆయన నోట నేను చిన్నసేటునే.

ఎవరు ఎదురైనా ఆయన మొదటి మాట "తిన్నవా?" అనే. బ్యాంకు మేనేజరైనా అంతే, కండక్టరైనా అంతే. ఒకసారి చందనవెల్లి పోయే లారీ ఆయన సైకిల్‌ను గుద్దితే, కిందపడ్డ మనిషి లేచి దుమ్ము దులుపుకుని డ్రైవర్‌ను అడిగింది కూడా అదే. వాడు తినలేదట. ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించాకే తిట్టాడు. "తిననోనికి ఏం చెప్పినా దండగ, చిన్నసేటు. వాని చెవులు కడుపుల ఉంటయి" అనేవాడు. పెళ్లిళ్లలో మాత్రం తాను ఆఖరి బంతిలో కూర్చునేవాడు. గిన్నెల్లో ఏం మిగిలిందో తొంగి చూసేవాడు. "కాకకు అడుగంటిన అన్నమంటెనే పానం" అని ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

మా వర్తక సంఘం ప్రతి ఆగస్టు పదిహేనున బజారు మధ్యలో జెండా ఎగరేస్తుంది. నాకు తెలిసినప్పటి నుంచీ తాడు లాగింది కాకే. ముందురోజు సాయంత్రం తువ్వాలలో తన పొలం బంతిరేకులు తెచ్చి, మా బియ్యం బస్తా మీద కూర్చుని, జెండా మడిచి, మధ్యలో రేకులు పోసి ముడి వేసేవాడు. ఎంత గాలి వీచినా ఊడని ముడి. తాడు ఒక్క లాగు లాగితే చాలు, జెండా విప్పుకుని పూలు రాలేవి. "జెండ ముడి గట్టిగుండాలె, మొండిగుండొద్దు" అనేవాడు. ఏటా పక్కనే నిలబడి చూశాను. ఒక్కసారీ నేర్చుకోలేదు. ఆయన ఉన్నాడు కదా, నాకెందుకని.

పోయిన ఎండాకాలంలో మొయినాబాద్ అవతల ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. ఒకప్పుడు ఫౌజు సామాను దాచిన రాతి గోదాముకు సున్నం వేసి, లైట్లు పెట్టి, యుద్ధాల చరిత్ర చూపిస్తున్నారు. సంఘం తరఫున వ్యాన్ మాట్లాడి అందరినీ తీసుకుపోయింది నేనే. నిజం చెప్పాలంటే, కాకను తుపాకుల పక్కన నిలబెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టాలని నా ఆశ. గేటు దగ్గరే గైడు అమ్మాయికి చెప్పేశాను. "మా కాక యుద్ధంల కొట్లాడిండమ్మా. మామూలు మనిషి గాదు." ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. చుట్టూ పదిమంది చేరి ఫోన్లు తీశారు. "సార్, మీరు ఏ గన్ వాడారు?" అని అడిగింది.

కాక ఆ మాట వినిపించుకోలేదు. తుపాకుల వరస దాటి, వైర్‌లెస్ పెట్టెలు దాటి, మూలకు పోయాడు. అక్కడ మసిబట్టిన పెద్ద డేగ్చా, ఇనుప పెనం, మనిషి చేయంత గరిటె ఉన్నాయి. ముట్టుకోవద్దని బోర్డు. కాక ముట్టుకున్నాడు. పెనం అంచు మీద అరచెయ్యి ఆనించి, తప్పిపోయిన ఆవు దొరికినట్టు నవ్వాడు. "ఇగో, గిదే! లంగర్ల, మా ఫౌజు వంటింట్ల, నా పెనం గిసొంటిదే ఉండె. తుపాకి ట్రైనింగుల పట్టిన గని, లడాయిల నేను పట్టింది గరిటెనే."

ఒక్కొక్క ఫోనూ కిందికి దిగింది. మా సంఘం అధ్యక్షుడు ఫక్కున నవ్వి, "ఏంది కాకా! ఇన్నేండ్లు మిల్ట్రీ మిల్ట్రీ అంటె, నువ్వు వంటాయనవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఆ అమ్మాయితో, "మాకు గూడ గిప్పుడే తెలిసిందమ్మా" అన్నాను, ఏదో మోసపోయినవాడిలాగా. కాక పెనం మీది చెయ్యి తీసి, తువ్వాలకు తుడుచుకున్నాడు.

వాపసు వస్తుంటే వ్యాన్‌లో నా పక్కనే కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలే కాకా?" అన్నాను, కాస్త నిష్ఠూరంగానే.

"ఎవరడిగిన్రు చిన్నసేటు?"

చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌ల గోడలు దాటుతుండగా తనే మొదలుపెట్టాడు. "ఒకనాడు పొద్దుగాల అందరికి రొట్టెలు జేసిన. తిన్నోళ్లు తిన్నరు, కట్టుకపోయినోళ్లు కట్టుకపోయిన్రు. మాపటికి మళ్ల అన్నే జేసిన. సాలు పట్టి నిలవడ్డరు, పెడుతున్న, పెడుతున్న... సాలు అయిపోయింది. రొట్టెలు మిగిలినయి, బిడ్డా."

అప్పుడు నా ఫోన్ మోగింది. నూనె డబ్బాల లోడు సంగతి. ఎత్తాను. మాట్లాడటం అయ్యేసరికి కాక కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ తర్వాత ఏమైంది కాకా అని నేను అడగలేదు. పెళ్లిళ్లలో ఆయన గిన్నెలు ఎందుకు తొంగి చూసేవాడో ఆ పూటే నాకు అర్థం కావాల్సింది. నూనె రేటే అర్థమైంది.

ఆగస్టు ముందు సంఘం కూర్చుంది. "వంటాయనతోని జెండ ఎగరేపిస్తున్నరని నవ్వుతరు. చిన్న మంగళారంల కర్నల్ సాబ్ ఉన్నడు, ఆయన్ను పిలుద్దం" అన్నాడు అధ్యక్షుడు. కార్యదర్శిని నేను. ఒక్క మాట అంటే ఆగిపోయేది. "మంచిది" అన్నాను. కాకకు చెప్పాల్సిన బాధ్యతా నాదే. చెప్పలేదు. పద్నాలుగో తేదీ మధ్యాహ్నమే గబగబా జెండా నేనే కట్టేశాను. సాయంత్రం కాక తువ్వాల నిండా రేకులతో గల్లీ మలుపు తిరగడం చూసి, నూనె డబ్బాల వెనక్కి పోయి నక్కాను. ఔను, నక్కాను. మా ఆవిడతో చెప్పించాను.

"జెండ కట్టిన్రంట కాకా. రేపు ఎవరో కర్నల్ గారు ఎగరేస్తరంట."

తువ్వాల కొసలు సర్దుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "మంచిదే గదమ్మా. ఈ పూలు గూడ అండ్ల పెట్టుమను. పూలు లేకుంటె పిల్లలు చిన్నబోతరు" అన్నాడు. రేకులు గల్లాపెట్టె మీద పోసి వెళ్లిపోయాడు. మళ్లీ విప్పే ఓపిక లేక నేను పెట్టలేదు.

మర్నాడు కర్నల్ గారు తాడు లాగారు. జెండా విప్పుకోలేదు. మళ్లీ లాగారు. ముడి ఇంకా బిగిసింది. ఎందుకు విప్పుకుంటుంది? చిన్నప్పుడు బాపు నాకు నేర్పింది పొట్లం ముడి. ఇంటికి పోయేదాకా పురికొస ఊడకూడదు, చక్కెర ఒలకకూడదు. నా చేతికి వచ్చింది అదొక్కటే, జెండాకూ అదే వేశాను. బజారంతా తలెత్తి చూస్తోంది. అధ్యక్షుడు నా వంక కొరకొర చూస్తున్నాడు.

జనం వెనక నుంచి కాక వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీ. జెండా కిందికి దించి, నేను పంటితో బిగించిన ముడిని గోళ్లతో మెల్లగా విప్పి, తనదైన ముడి వేసి, మళ్లీ పైకి పంపాడు. తాడు కర్నల్ గారి చేతికిచ్చి మూడడుగులు వెనక్కి వేసి సెల్యూట్ చేశాడు. జెండా ఎగిరింది. ఒక్క పువ్వూ రాలలేదు. పిల్లలు చేతులు చాపి అలాగే పైకి చూస్తున్నారు.

లడ్డూలు పంచుతుంటే కర్నల్ గారు నన్ను పక్కకు పిలిచారు. "ఈ పెద్దమనిషి ఫౌజీ కదా. ఈయన ఉండగా నన్నెందుకు పిలిచారు?"

"పానం బాగుంటలేదు సార్ ఆయనకు. అందుకనే..." అన్నాను. తల తిప్పితే కాక నా వెనకే ఉన్నాడు. విన్నాడు. నా ముఖంలోకి ఒకసారి చూసి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గాడు. నా అబద్ధం నిలబడాలని దగ్గాడండీ ఆ మనిషి! పోతూ పోతూ నా భుజం తట్టి, "తిన్నవా, చిన్నసేటు?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంటికి పోలేదు. పోయి, తప్పయింది కాకా అంటే సరిపోయేది. గల్లీలో నలభై అడుగుల దూరం. ముఖం చెల్లక, పోలేదు.

పదకొండో రోజు భోజనాలకు పోయాను. ఆఖరి బంతి దాకా నిలబడ్డాను, ఆయన జాగాలో ఎవరైనా ఉండాలని. కాక ఇల్లాలు, మా చిన్నమ్మ, లోపలి నుంచి ఒక రుమాలు మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. దారంతో కట్టి ఉంది, ఒక కొస వేలాడుతోంది.

"జెండ పండుగ నాడు ఇంటికొచ్చి, బువ్వ తినకముందే కట్టిండు. 'చిన్నసేటు వస్తడు, ముడి నేర్చుకుంటడు, చూపియ్యాలె' అన్నడు. గొళ్లెం సప్పుడైతె చాలు, నువ్వే అనుకొని లేసి కూసునేటోడు." విస్తరి అందుకుంటూ, "తిన్నవా బిడ్డా?" అంది.

ఆ మూటను దుకాణంలో పురికొస ఉండ పక్కన మేకుకు తగిలించాను. నిన్న ఎవరికో పావుకిలో చక్కెర కడుతూ, కాగితం మీద చూపు పెట్టి, పురికొస అనుకుని దాని కొస లాగాను. ఒక్క లాగే. ఎండిపోయిన బంతిరేకులు కాంటా పళ్లెం నిండా రాలాయి. కాంటా మీద సున్నా సున్నాగానే ఉంది.

రేకులన్నీ ఏరి, రుమాల్లో పోసి, మళ్లీ కట్టబోయాను. మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ పొట్లం ముడే పడింది.