రేపత్త కుట్టు మిషను

మా మేనత్త దర్జీ. వీధిలో అందరికీ ఆమె రేపత్త. బట్ట ఇచ్చి ఎప్పుడవుతుందని అడిగితే "రేపే" అంటుంది. ఆ రేపు వచ్చేలోపు పిల్లలు ఎదిగిపోతారు, మళ్లీ కొలతలు తీయాల్సి వస్తుంది. చేతి పని మాత్రం బంగారం. అందుకే జనం తిట్టుకుంటూనే ఆమె గడప తొక్కుతారు.

తుఫాను మీద పడ్డ ఉదయం నేను ఆమె కొట్టుకు పరిగెత్తాను. దారిలో ఇళ్ల పైకప్పు రేకులు అప్పడాల్లా ఎగురుతున్నాయి. ఏటి గట్టు తెగి నీళ్లు వీధిలోకి వచ్చేశాయి. అత్త మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బట్టల మూటలు అటక మీదికి విసురుతోంది.

"అత్తా, ముందు మిషను ఎక్కిద్దాం, పట్టు!"

"దాన్ని ఎక్కించేలోపు ఇవన్నీ మునుగుతాయి. నువ్వెక్కి మూటలందుకో."

"బట్టలు వీధివాళ్లవి, మిషను నీది! అది పోతే ఏం తింటావే?"

"నాది తడిస్తే నేనొక్కదాన్నే ఏడుస్తా. వాళ్లవి తడిస్తే వీధి వీధంతా కలిసి నన్నేడిపిస్తుంది. ఎక్కరా, దున్నపోతా!"

ఆఖరి మూట పైకి చేరేసరికి నీళ్లు మిషను చక్రాన్ని మింగేశాయి. అత్త కూడా అటకెక్కి అటే చూస్తూ కూర్చుంది.

"దానికి ఈతొచ్చా అత్తా?" అన్నాను. మొట్టికాయ పడింది. హమ్మయ్య, మనిషి బాగానే ఉంది.

వరద తీశాక చూస్తే ఏ ఇంట్లోనూ బురద పట్టని గుడ్డ లేదు. వీధి మొత్తానికి మిగిలిన పొడి బట్టలన్నీ అత్త కుట్టివ్వకుండా ఎగ్గొడుతూ వచ్చినవే. పిలిచి మరీ పంచింది. పోస్టుమాన్‌కు ఒక చెయ్యి లేని చొక్కా. టీచరమ్మకు గుండీల్లేని గౌను, దానికి బోలెడు పిన్నులు. బేకరీ బాబాయికి నడుం బిగించని ప్యాంటు.

"టైముకిచ్చుంటే ఇవన్నీ ఈపాటికి ఏట్లో తేలేవి" అంది అత్త, పిసరంత సిగ్గు లేకుండా.

"అయితే నీ బద్ధకానికి దండం పెట్టమంటావా తల్లీ!" అన్నాడు బాబాయి, జారుతున్న ప్యాంటు పట్టుకుని.

అందరూ నవ్వారు. అత్త మాత్రం కొట్లోకి వెళ్లి మిషను చక్రం మీద చెయ్యి వేసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. ఊహూఁ. నోరు మూతపడని మా అత్త అలాగే నిలబడిపోయింది.

"జరుగు" అన్నాడు సైకిలు షాపు తాత, కిరసనాయిలు డబ్బా పట్టుకుని లోపలికొస్తూ. మిషను విప్పేశాడు. పోస్టుమాన్ దారం చుట్టే బాబిన్ కడిగాడు. టీచరమ్మ పళ్ల బ్రష్షుతో ఇరుకుల్లోని బురద గీకింది. బాబాయి ఒంటిచేత్తో తుడిచాడు. రెండో చెయ్యి ప్యాంటు పనిలో ఉంది మరి.

"మరలు కలిపేయకండి! అది అక్కడిది కాదు తాతా, కళ్లు పెట్టి చూడు!" అత్తకు గొంతు వచ్చేసింది.

బిగించాక తాత చక్రం తిప్పాడు. మిషను దగ్గింది, మూలిగింది, తర్వాత టకటకా పరుగందుకుంది. అత్త ఒక పేలిక కుట్టి, వెలుగులో పెట్టి చూసింది. కుట్టు తిన్నగా వచ్చింది.

వెంటనే వీధి జనం వైపు తిరిగింది.

"ఇంక విప్పండి! సగం కుట్టిన బట్టలతో ఊరంతా తిరిగి నా పేరు చెడగొడతారా?"

"విప్పి ఏం కట్టుకోమంటావే?" అంది టీచరమ్మ.

బేకరీ బాబాయి నడుముకు ఖాళీ పిండి గోనె చుట్టుకుని, ప్యాంటు చేత్తో పట్టుకుని వచ్చి వరసలో మొదట నిలబడ్డాడు.