ఆషీల్ నల్లపాకం

ఆషీల్ ముక్కు పనిచేయడం మానేసి రెండేళ్లయింది. ఓ చలికాలం జ్వరం వచ్చింది, పోయింది, పోతూ పోతూ వాసనలన్నీ పట్టుకుపోయింది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కాలు విరిగితే వీధంతా వచ్చి చూసిపోతుంది. వాసన తెలియడం లేదంటే మాత్రం నవ్వుతారని అతని భయం. అందులోనూ నల్లబీరు కాచే మనిషి.

ఫ్యూర్నె పట్నం దాటాక, సముద్రానికీ చక్కెర తీసే బీటుదుంప పొలాలకీ మధ్య ముప్పై గడపల వీధి వాళ్లది. ఆషీల్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం బానల దగ్గర ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ విద్యను వంటింట్లోకి తెచ్చుకున్నాడు. కొట్లో దొరికే గోధుమరంగు కలకండ పలుకుల్ని బీరులో వేసేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట.

"అవి కాఫీలోకి. బీరుకి పాకం కావాలి. పాకానికి మనిషి కావాలి," అనేవాడు. ఆ మనిషి ఎవరో వేరే చెప్పేవాడు కాదు. చెప్పనవసరం లేనట్టు మొహం పెట్టేవాడు.

పద్ధతి పెద్దదేం కాదు. రెండు కిలోల చక్కెర, తడిసేటన్ని నీళ్లు, చిటికెడు సున్నం, ఈస్టు బలానికి వేసే పొడి మరో చిటికెడు. గిన్నె అడుగు మందంగా ఉండాలి, సెగ సన్నగా ఉండాలి. పాకం ముదిరి పొంగబోతుంటే కాస్త దూరం జరిగి, వేడినీళ్లు చిలకరించి వెనక్కి లాగాలి. మళ్లీ ముదరనివ్వాలి, మళ్లీ లాగాలి. రెండో పొంగు దాకా చల్లటి పింగాణీ పళ్లెం మీద చుక్క వేసి రంగు చూసుకుంటే సరిపోతుంది. మూడో పొంగులో చుక్క నలుపే, ఎంతసేపు చూసినా నలుపే. అక్కడి నుంచి పని ముక్కుది. ముందు ఎండుద్రాక్ష వాసన వస్తుంది, తర్వాత చాక్లెట్ వాసన. దాని వెనకే, రెండు నిమిషాల తేడాతో, మాడు. చాక్లెట్ దగ్గర దించినవాడే మొనగాడు. ఆషీల్ ఇరవై ఏళ్లు అక్కడే దించాడు.

నిరుడు మాత్రం పొరుగూరు వెళ్లి సీసా పాకం కొనుక్కొచ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరులో పోసేశాడు. ఖాళీ సీసాను సైకిళ్ల కొట్టంలో పాత గోతాల వెనక దాచాడు.

ఈ మే నెలకి ఆషీల్, గోదెలీవల పెళ్లయి యాభై ఏళ్లు. అలాంటప్పుడు వీధివాళ్లంతా కూడి రంగు కాగితాలతో గులాబీలు చుట్టి, ఆ జంట గుమ్మం నిండా కడతారు. జంట మాత్రం ఏమీ తెలియనట్టు ఉండాలి. ఎదురింటి నోర్బెర్ట్ జనవరిలోనే వచ్చి కూర్చున్నాడు.

"పెద్దాయనా, మా పని మేం చూసుకుంటాం, అదేంటో అడక్కు. బీరు మటుకు నీదే. నిరుడు బీరు మరీ బుద్ధిమంతురాలిలా ఉంది. ఈసారి కాస్త పొగరు చూపించు."

ఆషీల్ నవ్వాడు గానీ ఆ మాట ముల్లులా దిగింది. నిద్రలో కూడా దించగలననుకున్న పాకం అది. తన పెళ్లి పండగ రోజునే, తన వీధివాళ్ల ముందే, ఆషీల్ పని అయిపోయిందని తేలిపోతే ఇక మిగిలేదేముంది? అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. సీసా కొనడానికి మనసొప్పలేదు.

ఫిబ్రవరిలో ఓ మంగళవారం మధ్యాహ్నం గిన్నె పొయ్యి మీద పెట్టాడు. వెనక గోదెలీవ ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమె ఆసుపత్రి బట్టల గదిలో ఇరవై ఎనిమిదేళ్లు దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. కాఫీ తప్ప మరొకటి ముట్టదు. మొగుడి బీరు ఒక్క గుక్క కూడా తాగి ఎరగదు.

మొదటి పొంగు, రెండో పొంగు సాఫీగా గడిచాయి. మూడోది లేచింది. పళ్లెం మీద చుక్క నల్లగా మెరిసింది.

"చాలు, దించు," అంది గోదెలీవ తలెత్తకుండానే.

"ఏంటి చాలు?"

"దుప్పటి పసుపెక్కే ముందు ఇలాగే వాసనేస్తుంది. దించెయ్."

"ఇది దుప్పటా? నీ ఇస్త్రీ నువ్వు చూసుకో తల్లీ."

ఆమె చెప్పినప్పుడు దించితే ఆమె చెప్పింది విన్నట్టవుతుంది. అంచేత ఆషీల్ ఇంకో మూడు నిమిషాలు కలియబెట్టాడు. తర్వాత తీరిగ్గా దించి, జాడీలోకి పోసి, బట్టతో మూతి కూడా తుడిచాడు. గోదెలీవ లేచి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

"ఈ చలిలో కిటికీ ఎందుకూ?"

"మాడింది, ఆషీల్."

"మాడలేదు. నాకు తెలీదా?"

"ఎలా తెలుసు నీకు?"

ఆమె బల్ల మీది వెనిగర్ సీసా తీసి అతని ముందు పెట్టింది. చీటీ పోయింది గానీ సీసాను అతను గుర్తుపట్టాడు. గోతాల వెనక దాచిందే.

"శుభ్రంగా కడిగాను. మంచి సీసా, పారేయడం ఎందుకూ?" అంది. "రెండేళ్లుగా నేను చేప వేయిస్తుంటే పొయ్యి పక్కన నిలబడి, ఇవాళ ఏం వంట అంటున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. చూసీ చూసీ విసుగొచ్చింది. యాభై ఏళ్ల కాపురంలో ఒక ముక్కు సంగతి చెప్పుకోలేకపోయావా, ముసలాడా?"

ఆషీల్‌కు సిగ్గేసింది. దాని వెంటే ప్రాణం తెరిపిన పడింది. మాడిన పాకాన్ని పెరట్లో పారబోసి వచ్చి, చెప్పకుండానే మరో రెండు కిలోల చక్కెర కొలిచాడు. ఈసారి గోదెలీవ ఇస్త్రీపెట్టె ఆపి పొయ్యి దగ్గరకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు?" అన్నాడు.

"తడి నారబట్ట మీద వేడి పెట్టె."

"ఇప్పుడు?"

"ఎండుద్రాక్ష రొట్టె. ఆగు, తొందరపడకు."

"ఇప్పుడేంటి?"

"చాలు."

పళ్లెం మీది చుక్క ఎప్పట్లాగే ఒట్టి నలుపు. ఆషీల్ పళ్లెం వంక చూడలేదు. గిన్నె దించేశాడు.

మేలో గుమ్మం చుట్టూ తెల్ల కాగితపు గులాబీలు వెలిశాయి. ఇద్దరూ నియమం తప్పకుండా నోళ్లు వెళ్లబెట్టి ఆశ్చర్యపోయారు. నోర్బెర్ట్ మొదటి గుక్క మింగి కళ్లు మూసుకున్నాడు.

"వచ్చింది పెద్దాయనా! ఇదీ నీ బీరంటే."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పొగడ్తను జేబులో వేసుకోవడానికి ఆషీల్‌కి మనసు రాలేదు.

"పాకం దించమంది గోదెలీవ. నా ముక్కు పోయి రెండేళ్లయింది," అన్నాడు.

"ఆగాగు," అన్నాడు నోర్బెర్ట్. "మొన్న నేను పొలంలో పందుల ఎరువు చల్లిన రోజు వీధంతా తలుపులు బిగించుకుంటే, నువ్వొక్కడివే బయట కూర్చుని కాఫీ తాగావు. నా మీద అభిమానం అనుకున్నానే!"

నవ్వారు. రెండేళ్లు భయపడ్డ నవ్వు అదే. ఆషీల్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ సందట్లో గోదెలీవ అతని చేతిలో గ్లాసు తీసుకుని, వాసన చూసి, ఒక గుక్క తాగింది.

"ఎలా ఉంది? నాకు తెలీదు, నువ్వే చెప్పాలి," అన్నాడు.

"పెళ్లయిన కొత్తలో, దుంపల రోజుల్లో నువ్వు ఫ్యాక్టరీ నుంచొస్తే నీ కోటు ఇలాగే వాసనేసేది."

"కంపు కొడుతోందని దాన్ని బయట కొక్కేనికి తగిలించేదానివిగా."

"తగిలించేదాన్ని. నువ్వు నిద్రపోయాక మళ్లీ లోపలికి తెచ్చుకునేదాన్ని."

ఆషీల్ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసనేం తెలియలేదు. అయినా చాలాసేపు అక్కడే ఉంచుకున్నాడు.