నడిమింటి గుంజ

మా బావ ఆరోగ్యం ఆఖరుసారి చేసిన పని చెప్పులు విడవడం.

రెండు రోజులుగా ముసురు. నడిమింట్లో పెంకుల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయని మా అక్క అంతోనమ్మ వంటింట్లోంచి కేకేసింది. అరుగు మీద కూర్చున్న బావ సత్తు తపేలా పట్టుకుని లేచాడు. గడప దగ్గర ఆగి, ఒక చెప్పు తొక్కిపెట్టి ఒక కాలు, రెండోది తొక్కిపెట్టి ఇంకో కాలు బయటికి తీశాడు. రెండు చెప్పుల్నీ పాదంతో గోడవారకు జరిపాడు. ఆ గదిలోకి ఎప్పుడు పోయినా అంతే చేసేవాడు. "ఇల్లు కారుతుంటె చెప్పుల మర్యాదేందయ్యా, జల్దీ పెట్టు" అంది అక్క. ఆయన తపేలా పెట్టడానికి వంగాడు. నడిమింటి గుంజ మొదట్లో విరిగి పక్కకు జరిగింది. దాని మీది దూలం ఆయన వీపు మీదికి దిగింది. తడిసిన పెంకులు, వాసాలు, గోడలో సగం మట్టి ఆ వెనక వచ్చాయి.

చెప్పులు మాత్రం గోడవారనే ఉన్నాయి. తడవలేదు కూడా.

బావ బతుకంతా కట్టెతోనే గడిచింది. సారపాకలో కాగితం మిల్లుకు వచ్చే వెదురు, నీలగిరి లోడ్లను చూసి పంపే కాంట్రాక్టు పని. చేతిలో ఒక ఇనుప సువ్వ ఉండేది. దాంతో మొద్దును ఒక పోటు పొడిచి, మడమతో తన్ని, వంగి వాసన చూసేవాడు. "ఇది లోపల సచ్చింది, దింపకు" అనేవాడు. లారీ డ్రైవర్లు ఆయన్ను ముందు బూతులు తిట్టి, తరువాత బీడీ ఇచ్చేవాళ్లు. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. నా పెళ్లిచూపులకు వచ్చి పిల్లవాళ్ల మంచంకోడును గోరుతో గీకి చూశాడు. పిల్ల తండ్రి ఆ అవమానం ఇంకా మరిచిపోలేదు.

అట్లాంటి మనిషికి సొంత ఇల్లు లేదు. దానికోసం ఆయన పడ్డ తపన ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

వాళ్లమ్మ దవాఖానాలో పోయింది. శవాన్ని ఆటోలో తెస్తే సారపాకలో వాళ్లుండే కిరాయి ఇంటి ఓనరు గేటుకు అడ్డం నిలబడ్డాడు. "నా ఇంట్ల పీనుగను పెట్టనియ్య. రేపు మేం ఇల్లిడిచి పోవాల్సొస్తది" అన్నాడు. పదేళ్లు ఆ ఇంటి బావిలో నీళ్లు తోడిన ముసలమ్మను రోడ్డు పక్కన బల్ల మీద పడుకోబెట్టి పైన టార్పాలిన్ కట్టాం. వాన. నీళ్లు బల్ల కింద నుంచి పారుతున్నాయి. గాలికి పందిరి లేచిపోకుండా బావ ఒక కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, ఫాదర్ వచ్చి ప్రార్థన ముగించేదాకా. ఓనరు భార్య దయగలది. కిటికీలోంచి టీ అందించింది. గ్లాసులు తిరిగి తేవద్దని చెప్పింది.

"నేను సచ్చినంక సొంత అరుగు మీద పండాలె బామ్మర్దీ" అన్నాడు బావ ఆ రోజు. "ఒక్క పూట చాలు."

సారపాక చుట్టూ ఏజెన్సీ. గిరిజనులు కానివాళ్లకు అక్కడ ఇల్లు రాసియ్యరు. నేను కల్లూరులో తెలుగు పంతులుగా ఉన్నాను కాబట్టి ఇటువైపు వెతికాం. కల్లూరు అవతల, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే దగ్గర ఒక ఊళ్లో పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. ఓనరు ప్రభాకర్. ఖమ్మంలో ఎరువుల దుకాణం. ఇల్లు తాతల నాటిది, గుంజలన్నీ టేకు.

బావ చూడటానికి ఒకరోజు పోయి రాలేదు. పనిముట్లు కట్టుకుని పోయాడు. నిచ్చెన, గడ్డపార, తాపీమేస్త్రీ దగ్గర తెచ్చిన తూకం గుండు, తన సువ్వ. ముందు పైకెక్కి పెంకులు వరసగా తీయించి వాసాలు చూశాడు. గుండు వేలాడదీసి ప్రతి గోడా ఎటు ఒరిగిందో చూశాడు. బిందెలతో నీళ్లు పైన పోయించి, లోపలికొచ్చి తల పైకెత్తుకుని నిలబడ్డాడు. ఒక్కో గుంజ మొదట్లో జానెడు లోతు తవ్వి, సువ్వతో పొడిచి, ఆ సువ్వ మొనను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఊళ్లో సగం మంది వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఊరికి ఉచితంగా దొరికిన సినిమా.

"గోడకు నాడి చూస్తున్నవా, జ్వరమేమన్న ఉన్నదా?" అన్నాడు ప్రభాకర్.

"ఉంటె ఇప్పుడే తెలిస్తె మంచిది గద సార్."

"మా తాత ఏనుగును కట్టేసినా కదలని ఇల్లు ఇది."

"ఏనుగైతె పర్వాలేదు సార్. చెదలు కనపడదు."

అక్కకు సిగ్గేసింది. "ఇల్లు చూస్తున్నవా, పెండ్లిపిల్లను చూస్తున్నవా? ఇగ చాలు" అంది.

"పెండ్లిపిల్లను ఇట్ల చూసుంటె నువ్వు నాకు దొరుకుదువా?"

"చూడకుండనే చేసుకున్నవ్. ఇన్నేండ్లాయె, కూలిన్నా మరి?"

అరుగు మీది జనం గట్టిగా నవ్వారు. బావ కూడా నవ్వి, అదే నవ్వుతో నడిమింటి గడప మీద కాలు పెట్టాడు.

ప్రభాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

గది మధ్యలో మిగతా వాటికంటె లావైన గుంజ. ఇంటి దూలమంతా దాని మీదే. నిలువెల్లా పసుపు, కుంకుమ బొట్లు, పైన ఒక పెద్ద మేకుకు మామిడాకుల తోరణం, మొదట్లో దీపం. ప్రభాకర్ గొంతు తగ్గించాడు. రెండు చేతులూ జోడించాడు. "ఇది మా ఇంటి దేవత. ఇల్లంత తవ్వుకో, నేను కాదన. దీన్ని పొడిస్తె మా పిల్లలకు తగుల్తది. మీరు కొన్నంక గూడ మేకు కొట్టొద్దు, తవ్వొద్దు, పక్కన ఇంకో కర్ర నిలపొద్దు. ఏటా దసరాకు మేమొచ్చి దీపం పెట్టుకుంటం. మాటియ్యి."

చూసేవాళ్లంతా నవ్వు ఆపారు. బావ సువ్వను వెనక్కు తీసుకున్నాడు. చెప్పులు విడిచాడు.

ఇది మావాళ్లే చేసే పొరపాటు. ఊరి చివరి పేటలో పుట్టి, ఏ గడప దగ్గర ఆగాలో మాటలకంటె ముందు నేర్చుకున్నవాళ్లం. బావ శిలువకు మొక్కేవాడు. గుంజకు కాదు. కాని కిరస్తానోడు దేవుని గుంజను పొడిచాడన్న ఒక్క మాట లేస్తే ఆ ఊళ్లో మంచినీళ్లు పుట్టవని ఆయనకు తెలుసు. అది ప్రభాకర్‌కు ఇంకా బాగా తెలుసు.

"మాటిచ్చిన సార్" అన్నాడు బావ.

ఇల్లు కొన్నారు. అక్క ముందుగదిలో మరియమ్మ పటం పెట్టుకుంది. బావ సాయంత్రాలు అరుగు మీద వెల్లకిలా పడుకుని, "కొలత సరిపోయింది బామ్మర్దీ, కాళ్లు బయటికి రావు" అని నన్ను ఏడిపించేవాడు. దసరా వచ్చింది. ప్రభాకర్ రాలేదు. రెండో దసరాకు కూడా రాలేదు. అక్క ఉండబట్టలేక గడప ఇవతల నుంచే ఒక దీపం లోపలికి జరిపింది. "ఎవరి దేవుడైతేంది, చీకట్ల ఉంచుడెందుకు" అంది. ఫాదర్‌కు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకుంది.

ఆ ఎండాకాలం గుంజ మొదట్లో రోజూ ఇంత మన్ను పడటం మొదలైంది. అక్క ఊడ్చేది, మళ్లీ పడేది. బావ గడప దగ్గర గొంతుక్కూర్చుని ఆ మన్నును చూశాడు. అది ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా?

మర్నాడే ఖమ్మం పోయాడు. నేనూ వెంట ఉన్నాను. దుకాణంలో ప్రభాకర్ తల ఎత్తకుండానే విన్నాడు.

"ఒక్కసారి మొదలు తవ్వి చూస్త సార్. మీరే వచ్చి పూజ చేసినంక."

"ఆషాఢం రాబోతున్నది. ఆషాఢంల దేవతను కదుపుతరా ఎవరన్న? శ్రావణం రానియ్యి, నేనే వస్త."

"పోనీ దాపుకు ఒక కర్ర నిలుపుకుంట. గుంజను ముట్ట."

"దేవునికి పోటీ నిలబెడతవా?" ప్రభాకర్ అప్పుడు తల ఎత్తాడు. "చూడు ఆరోగ్యం, ఊరోల్లు మిమ్మల్ని ఉండనిచ్చిండ్రంటె నా మాట మీద. అది గుర్తుంచుకో."

బావ అప్పటికే ఒక నిఖార్సైన నీలగిరి బాదును, దాపుకర్రగా, కొలతకు కోయించి అరుగు మీద పెట్టుకున్నాడు. శ్రావణం కోసం.

"బావా, తలుపేసుకుని పొడువు. ఎవడు చూస్తడు?" అన్నాను ఇంటికొచ్చాక.

"నేను చూస్త గదరా."

"అక్క అందుల తిరుగుతది."

ఆ రోజు నుంచి అక్కను నడిమింట్లోకి పోనివ్వలేదు. ఏ పని ఉన్నా తనే పోయేవాడు, చెప్పులు విడిచి.

శ్రావణం ఇంకా రాలేదు. ముసురు ముందు వచ్చింది.

నలుగురు కలిసి దూలం ఎత్తి ఆయనను బయటికి తీశారు. ముందు కప్పు కూడా జారి, ఆయన కోరుకున్న అరుగు పెంకుల కింద ఉంది. కబురంది నేను చేరిన కాసేపటికే వాగు పొంగి కల్లూరు దారి తెగింది కాబట్టి చర్చికి తీసుకుపోలేం. ఊళ్లో ఏదైనా అరుగు అడుగుదామని తిరిగాను. ఒకళ్లింట్లో శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నారు. ఒకళ్ల కోడలికి నెలలు నిండాయి. ఒకళ్లు లోపలే ఉండి, ఇంట్లో ఎవరూ లేరని పిల్లతో చెప్పించారు. రోడ్డు పక్కన బల్ల వేసి, టార్పాలిన్ కట్టాం. పందిరికి మధ్యకర్ర కావాలంటే అరుగు శిథిలాల్లోంచి ఎవరో ఆ నీలగిరి బాదును లాగి తెచ్చారు. కొలత సరిగ్గా సరిపోయింది. వాన నీళ్లు బల్ల కింద నుంచి పారుతుంటే నేను ఆ కర్ర పట్టుకుని నిలబడ్డాను.

వాగు తగ్గాక ప్రభాకర్ కారులో వచ్చాడు. పూలదండ తెచ్చాడు. శవం దగ్గర కాసేపు నిలబడి, అక్కవైపు తిరిగి అందరికీ వినపడేట్టు అడిగాడు: "గుంజకు ఏమన్న మైల తగిలిందా అమ్మా? నేను ముందే చెప్పిన గద."

అక్క తల ఎత్తింది. "గుంజ ఇరిగే ముందు రోజు, ఆయన లేనప్పుడు పోయి తువ్వాల ఆరేసిన సారూ. ఎక్కడా ఆరక. తోరణం మేకుకు."

ప్రభాకర్ కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. జనంలోంచి "అయ్యో" అన్న శబ్దం వచ్చింది. జాలి కాదు అది. లెక్క తేలినప్పుడు వచ్చే శబ్దం.

ఆ తరువాత అక్క నా దగ్గరే ఉంది. చెదల సంగతి చెప్పాను. విరిగిన గుంజ మొదలు తెచ్చి చూపించాను, చేత్తో నలిపితే పొడి అయింది. "అవ్, చూసిన" అనేది. ఫాదర్ వచ్చి అవన్నీ మూఢనమ్మకాలని గంటసేపు చెప్పాడు. "అవ్ ఫాదర్" అంది. ఆయన పోయాక, "తువ్వాల చిన్నదేరా. చిన్న తువ్వాల" అంది నాతో. తరువాత తువ్వాలతో మొహం తుడుచుకోవడం మానేసింది. చీర కొంగుతో తుడుచుకునేది. అన్నం తగ్గించింది. రెండేళ్లకు, పెద్ద జబ్బేమీ లేకుండానే, పోయింది.

ఆమెను మట్టి చేసిన రోజు ఆ ఊరి నుంచి చిన్నక్క అనే ఆమె వచ్చింది. పూర్వం ప్రభాకర్ వాళ్లింట్లో పేడ ఎత్తి, ఇల్లలికిన మనిషి. స్మశానం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగింది.

"ఏం రోగం సారూ అమ్మకు?"

"రోగం కాదు. దేవుని గుంజకు తువ్వాల ఆరేసినందుకే బావ పోయిండని దిగులు."

చిన్నక్క చెంబు కింద పెట్టింది. "ఏ దేవుని గుంజ?"

"నడిమింటిది. పసుపు పూసి ఉండె గద."

"అది నేను పూసిందే సారూ. మీరు ఇల్లు చూడ వస్తరనంగ ముందు రోజు ప్రభాకర్ సారు పూయమన్నడు. చెదలు తిన్న కాడ మన్ను కూరి, మీద పూసిన. పసుపు చాలకుంటె కింద సగానికి సున్నంల రంగుపొడి కలిపిన." ఆమె నా మొహం చూసి, తను ఏదో తప్పు చెప్పిందనుకుని, తొందరగా సర్దింది. "వాళ్ల దేవుని పటం వంటింటి గూట్ల ఉండె. అదెప్పుడో ఖమ్మం తీస్కపోయిండ్రు. నడిమిల్లు ముందుగాల కొట్టం సారూ. ఆ మేకుకు ఎడ్ల పలుపులు తగిలిచ్చేది."